మందుపట్టీ అంటించే చేయి

3వ తేదీ, సోమవారం

ఈ పుస్తకాన్ని ఎవరైనా పొరపాటున తెరిస్తే, ముందుగా నా తెలుగును మన్నించమని కోరుతున్నాను. నేను పగటి బడిలో చదివినవాణ్ణి కాను. పగలంతా లాండ్రీలో తడి దుప్పట్ల బండి తోసి, సాయంత్రం చేతులు కడుక్కుని, రాత్రి బడిలో కూర్చుని పట్టా సంపాదించినవాణ్ణి. నా వాక్యాలు గంజి ఎక్కువైన కాలరులా మెడకు గుచ్చుకుంటాయని మా అమ్మాయి అంటుంది. గుచ్చుకోనీ. నలిగిన వాక్యం రాయడం నాకు చేతకాదు.

రాయడానికి కారణం కోపం. కోపాన్ని చూపించవలసిన మనుషులందరూ నా మేలు కోరుతున్నామంటున్నారు. మేలు కోరేవారి మీద అరవడానికి మర్యాద అడ్డు వస్తుంది గనుక కాగితాన్ని ఆశ్రయించాను.

ఈ రోజు ఆస్పత్రికి వెళ్ళాము. ‘వెళ్ళాము’ అని రాయడం ఎందుకంటే, మా ఆవిడ వద్దన్నా వెంట వచ్చింది. డాక్టరమ్మ వయసు చూస్తే మా అమ్మాయికి అక్క వరస అవుతుంది, అంతే. నన్ను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఎడమకాలు నెమ్మదిగా పైకెత్తింది. నడుములో పుట్టిన మంట పిక్క దాకా పాకింది. నేను నోరు విప్పలేదు.

"నొప్పి లేదాండీ?" అంది.

"ఉంది."

"మరి చెప్పరేం? నేను ఎత్తుకుంటూ పోతున్నాను."

"మీరు అడగలేదు."

మా ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. నవ్వును దాచుకునేటప్పుడు ఆమె భుజాలు కదులుతాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాత్రం తెలుసు.

వెన్నుపూసల నడుమ ఉండే మెత్తని బిళ్ళ పక్కకు జరిగి నరాన్ని నొక్కుతోందట. బాధంతా ఆ నరానిదేనట. చొక్కా అంచు తగిలినా చర్మం మండటం అందువల్లనేనట. మాత్రలు రాస్తానంది. అవి మత్తు తెస్తాయా అని అడిగాను. కొంత తెస్తాయంది. ఇస్త్రీ రోలర్ల దగ్గర మత్తులో నిలబడరాదని, అక్కడ మనుషుల వేళ్ళు నా బాధ్యత అని చెప్పాను. నేను చెప్పిన మాటల్లో ఆమె విన్నది అదొక్కటే. అప్పుడు మందుపట్టీలు రాసింది.

"అందరికీ పనిచేస్తుందని మాటివ్వను. కొందరికి పైమంట తగ్గుతుంది. చూద్దాం," అంది.

ఆ తరువాత నన్ను వదిలి మా ఆవిడతో మాట్లాడటం మొదలుపెట్టింది. "ఆయన చేయి అందదు కదమ్మా, మీరే అంటించాలి. ఒకసారికి ఒక్కటే. పొద్దున వేసి సాయంత్రం తీసెయ్యండి, రాత్రంతా చర్మానికి విశ్రాంతి. పుండు గానీ గీత గానీ ఉన్నచోట వెయ్యొద్దు. దాని మీద వేడి మాత్రం పెట్టొద్దు. వేడినీళ్ళ సంచి, వేడి గుడ్డ, ఏదీ వద్దు. వేడి తగిలితే మందు ఎక్కువగా లోపలికి దిగిపోతుంది. పైగా అక్కడ తిమ్మిరిగా ఉంటుంది, కాలినా తెలీదు."

మా ఆవిడ ప్రతి మాటకూ తల ఊపింది. నేను బల్ల అంచున చొక్కా గుండీలు పెట్టుకుంటూ కూర్చున్నాను. ఆ నడుము నాది. ఆ సంగతి ఆ గదిలో ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

4వ తేదీ, మంగళవారం

పొద్దున్నే మా ఆవిడ బల్ల మీదికి వంగి నిలబడమంది. నిలబడ్డాను.

"ఇక్కడా?"

"కింద."

"ఇక్కడా?"

"ఇంకా ఎడమకు. నా ఎడమకు, నీ ఎడమకు కాదు."

"ఇద్దరం ఒకే వైపు తిరిగి ఉన్నామండీ. ఇద్దరి ఎడమా ఒక్కటే."

నాకు ఒళ్ళు మండింది. ఆమె చెప్పింది నిజం కావడం వల్ల ఇంకా మండింది. పట్టీ తడిగుడ్డలా చల్లగా అతుక్కుంది. దాని మీద అరచేయి కాసేపు ఒత్తి ఉంచింది. అలా ఒత్తాలని అట్టపెట్టె మీద రాసి ఉందట.

సాయంత్రానికి ఏ మార్పూ లేదు.

7వ తేదీ, శుక్రవారం

మార్పు ఉంది. న్యాయంగా రాయాలి గనుక రాస్తున్నాను. లోపలి పీకుడు అలాగే ఉంది, కాలు ఇంకా లాగుతూనే ఉంది. కానీ చొక్కా తగిలితే వచ్చే ఆ మంట సగానికి తగ్గింది. ఈ సంగతి మా ఆవిడకు చెప్పలేదు. చెబితే ఆ డాక్టరమ్మను ఇంకా నెత్తిన పెట్టుకుంటుంది.

లాండ్రీకి కొత్త రోలరు వచ్చింది. ఇప్పుడున్నవాటికి రెండింతల వెడల్పు. ఆస్పత్రుల దుప్పట్లన్నీ ఇక దాని మీదే. పదిహేడో తేదీన పరీక్షగా నడుపుతారట, దానికి బాధ్యుడు ఎవరన్నది ఆ రోజే తేలుతుందట. నేను సూపర్‌వైజరుని. నా తరువాతి వరసలో, మేము పొడుగాయన అని పిలిచేవాడు ఉన్నాడు. అతడు ఆ కొత్త యంత్రం చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నాడు, కొనడానికి వచ్చినవాడిలా.

ఆ యంత్రం నాది. రాత్రి బడిలో నేను చదివింది ఎవరి వెనకాలో నిలబడటానికి కాదు.

10వ తేదీ, సోమవారం

కలం కాగితాన్ని చింపుతోంది. అయినా అక్షరాలు వరుస తప్పనివ్వను.

మధ్యాహ్నం మేనేజరు తన గదికి పిలిచాడు. కూర్చోమన్నాడు. నిలబడే ఉన్నాను.

"మీ నడుము సంగతి తెలిసింది. కుట్టు గదిలో వచ్చీపోయే దుప్పట్లు చూసే మనిషి కావాలి. కుర్చీ పని. ఆలోచించండి," అన్నాడు.

"నేను అడగలేదు సార్."

"మీరు అడగరు. అందుకే మీ ఆవిడ వచ్చి అడిగారు."

కుర్చీ.

రోలర్ల దగ్గర ఎవరూ కూర్చోరు. మా లాండ్రీలో కుర్చీలున్నది కుట్టు గదిలో. చిరిగిన దుప్పట్లను అతికే గది అది. చూపు తగ్గినవాణ్ణి, చేయి వణికేవాణ్ణి అక్కడికి పంపుతారు. పంపే రోజున రోలర్లవాళ్ళందరం చేరి, పాడైపోయిన దుప్పటి ఒకటి చక్కగా మడిచి వాడి భుజాన వేస్తాం. "కుర్చీ ఇచ్చారు" అని నవ్వుతాం. ఎన్నో భుజాల మీద నేనూ వేశాను. నేను మడిచినంత నేర్పుగా ఎవరూ మడవలేరని పేరు కూడా ఉంది.

ఆ కుట్టు గదికి పెద్ద మా ఆవిడ.

ఇంటికి వచ్చి అడిగాను. "నిన్నెవరు వెళ్ళమన్నారు?"

"ఎవరూ వెళ్ళమనలేదు. మీరు మెట్లు ఎక్కలేక గోడ పట్టుకుని నిలబడటం చూశాను, వెళ్ళాను."

"పదిమందిలో నా పరువు తీశావు."

"మీ పరువు నడుములో ఉందని నాకేం తెలుసు?"

"ఇకమీదట నీతో మాట్లాడను."

"ఇన్నాళ్ళూ తెగ మాట్లాడారు గనక," అని కంచాలు సర్దుకుంది.

11వ తేదీ, మంగళవారం

మాట్లాడలేదు. పట్టీ లేదు. మండింది.

12వ తేదీ, బుధవారం

పొద్దున మా అమ్మాయి గుమ్మంలో నిలబడి, "నాన్నా, పట్టీ వేయించుకుంటారేమో అమ్మ కనుక్కోమంది," అంది.

"అవసరం లేదని చెప్పు."

"అమ్మా, అవసరం లేదట."

"విన్నానే. ఇక్కడే ఉన్నాను కదా," అంది మా ఆవిడ, ఆ గుమ్మం పక్కనే దువ్వుకుంటూ.

అలమారా అద్దం ముందు వెనక్కి తిరిగి నిలబడి స్వయంగా ప్రయత్నించాను. అద్దంలో నా వీపు ఎవరిదో వీపులా ఉంది. ఎటు జరపాలనుకుంటే చేయి అటు కాక ఇటు పోతుంది. పట్టీ మధ్యకు ముడుచుకుని తనకు తానే అతుక్కుపోయింది. రెండోది మోచేతికి పట్టింది. అది పీకేటప్పుడు వెంట్రుకలు ఊడివచ్చాయి. మూడోది ఎక్కడో అతుక్కుంది. మంట ఉన్నచోట కాదని మధ్యాహ్నానికి తెలిసింది.

మనిషికి తన వీపు తనకు అందకుండా చేసిన ఏర్పాటు మీద కూడా నాకు కోపంగా ఉంది.

13వ తేదీ, గురువారం

దారి దొరికింది. బాయిలరు చూసే ఆయనను లాండ్రీలో చిన్నా పెద్దా అందరూ బావ అనే పిలుస్తారు. పని మొదలవకముందే ఆయన గదిలోకి వెళ్ళి, తలుపు వేసి, చొక్కా ఎత్తి పట్టీ చేతికిచ్చాను.

"ఇదేం కర్మ బావా నాకు," అన్నాడు. "ఇంట్లో పెళ్ళాన్ని పెట్టుకుని నీ నడుం నాకు చూపిస్తావేంటి?"

"మాటలు తగ్గించి అంటించు."

"మీ ఆవిడతో మాట్లాడ్డం దీనికన్నా తేలిక కదా."

"నీకు తెలియదు."

"నాకెందుకు తెలీదు? ముప్పై ఏళ్ళబట్టీ నా పెళ్ళాంతో మాట్లాడి ఓడిపోతున్నాను. నువ్వూ ఓడిపో, హాయిగా ఉంటుంది." ఆయన వేళ్ళు మొద్దువి, బొగ్గు గరుకు. అయినా చోటు సరిగ్గానే పట్టాడు. తరువాత, "కాసేపు గొట్టానికి ఆనుకుని వెళ్ళు, దిగిపోద్ది," అన్నాడు.

ఆవిరి తిరిగి వచ్చే గొట్టం బాయిలరు గది గోడ వెంబడే పోతుంది. దానికి పాత దుప్పట్లు చుట్టి ఉంటాయి. తడి బండ్లు తోసినవాళ్ళం, దుప్పట్లు అందించేవాళ్ళం, ఎవరికి నడుము పట్టినా పని ఎక్కేముందు దానికి వీపు ఆనించి నిలబడతాం. మాకున్న వైద్యం అదే. మా ముందువాళ్ళదీ అదే.

డాక్టరమ్మ చెప్పింది గుర్తుంది. ఆలోచించాను. ఆమె వేడినీళ్ళ సంచి అంది, వేడి గుడ్డ అంది. గొట్టం అనలేదు. ఆమె లాండ్రీ చూసి ఉండదు. ఇక్కడ గాలే వేడి, గోడలే వేడి. ఇక్కడ పనిచేసేవాడికి వేడి వద్దంటే గాలి పీల్చవద్దన్నట్టే. పైగా గొట్టానికి గుడ్డ చుట్టి ఉంది. ఒక మందు కొంత పనిచేస్తే, రెండు మందులు కలిస్తే రెండింతలు పనిచేయాలి. ఇది లెక్కకు నిలిచే మాట.

ఆనుకున్నాను.

15వ తేదీ, శనివారం

నొప్పి లేదు. లేదంటే లేదు. పొడుగాయన చూస్తుండగా నిండు తడి బండిని ఒక్కణ్ణే మలుపు తిప్పాను. అతడు "మెల్లగా సార్" అన్నాడు. మెల్లగా అట.

సాయంత్రం పట్టీ బావే తీస్తున్నాడు. "ఎర్రగా ఉంది బావా ఇక్కడ," అన్నాడు. నీ గదిలో దీపం ఎర్రగా ఉంది అన్నాను.

17వ తేదీ, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

రోజంతా నిలబడాలి గనుక బావ చేత రెండు పట్టీలు వేయించుకున్నాను, ఒకటి నడుము మీద, ఒకటి దాని కింద. ఆయన గొణిగాడు. గొట్టానికి ఎక్కువసేపే ఆనుకున్నాను. హాయిగా ఉంది. వేడి తెలియనంత హాయి.

కొత్త రోలరు చుట్టూ అందరూ చేరారు. మేనేజరు వచ్చాడు, యజమాని వచ్చాడు. దుప్పటి అందించడానికి పిట్టక్కను పెట్టారు. ఆమె పొట్టి మనిషి, చెక్క పలక మీద ఎక్కి నిలబడితే గానీ రోలరు అందదు. అందుకే పిట్ట అని పేరు. కానీ ఆమెలా అంచు వంకర పోకుండా అందించేవారు లేరు. మా దగ్గర పద్ధతి ఇది: అందించేవారు దుప్పటి అంచునే చూడాలి, తల ఎత్తరాదు. వాళ్ళ వేళ్ళను చూసేది సూపర్‌వైజరు. ఎర్ర కడ్డీ మీద చేయి ఉంచి, వేళ్ళు రోలరు ముందున్న గీత దాటితే నొక్కాలి. నొక్కితే రోలరు ఆగుతుంది.

మొదట అంతా సవ్యంగా సాగింది. తరువాత నాలుక మందంగా అనిపించింది. పెదవులు నావి కానట్టు ఉన్నాయి. చెవుల్లో ఈల మొదలైంది. యంత్రం శబ్దమనుకున్నాను. కొత్త యంత్రం కదా.

పిట్టక్క చొక్కా చేతి మడత జారింది. నేను చూశాను. చూస్తూనే ఉన్నాను. ఆ గుడ్డ దుప్పటితోపాటు లోపలికి వెళ్ళడం నాకు చాలా దూరంగా, అద్దంలో నా వీపు కనబడినట్టు కనబడింది. నా చేయి కడ్డీ మీదే ఉంది.

పొడుగాయన వెనక నుంచి చేయి చాచి కడ్డీ కొట్టాడు. రోలరు ఆగింది. ఆమె చొక్కా చేయి భుజం దగ్గర చిరిగి లోపల ఉండిపోయింది. ఆమె చేయి బయట ఉంది.

చొక్కా చేయి మాత్రమే.

అప్పుడు నాకు గొంతు వచ్చింది. మడతలు బిగించుకోవాలని తెలియదా అని అరిచాను. యజమాని ముందు, అందరి ముందు అరిచాను. ఆమె చిరిగిన భుజాన్ని రెండో చేత్తో మూసుకుని, "మీరు చూస్తున్నారనుకున్నాను సార్," అంది. అంతే అంది.

మేనేజరు అడిగితే, అజాగ్రత్త ఆమెదే అని చెప్పాను. ఆమెను పనిలోంచి ఆపి ఇంటికి పంపారు. పొడుగాయన నా వైపు చూసి, లోపల ఇరుక్కున్న గుడ్డను లాగడం మొదలుపెట్టాడు.

మడత బిగించుకోకపోవడం తప్పే. అది నియమం. గోడ మీద రాసి ఉంది. నేనే రాశాను.

బావ డ్యూటీ దిగి వెళ్ళిపోయాడు. పట్టీలు ఒంటి మీదే ఉన్నాయి. ఇంట్లో అడగను.

చొక్కా చేయి మాత్రమే.

18వ తేదీ, మంగళవారం

పొద్దున నేను బోర్లా పడుకుని ఉండగా మా ఆవిడ అడగకుండానే నా చొక్కా ఎత్తింది. వెంటనే అమ్మాయిని పిలిచి చల్లనీళ్ళు తెమ్మంది.

"ఏముంది?" అన్నాను. వారం తరువాత నేను ఆమెతో అన్న మొదటి మాట అది.

"నొప్పిగా లేదా?"

"లేదు."

"లేదని తెలుస్తూనే ఉంది. అందుకే భయమేస్తోంది."

కింది పట్టీ తీస్తుంటే చర్మం దానితో వచ్చింది. నాకు తెలియలేదు. ఆమె ఊపిరి బిగబట్టడం వల్ల తెలిసింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఈసారి నాతోనే మాట్లాడింది. "దేనికి ఆనుకున్నారు?" గొట్టం సంగతి చెప్పాను. "నిన్న తల తిరిగిందా? నోరు మొద్దుబారిందా? చెవుల్లో శబ్దం?" అన్నింటికీ అవునన్నాను. ఆమె కలం కింద పెట్టింది. "ఆ మందు నొప్పి ఉన్న చోట ఉండిపోవాలండీ. మీరు రెండు పట్టీలకు వేడి పెట్టి దాన్ని ఒళ్ళంతా పంపించారు. ప్రాణం మీదకు వచ్చేది," అంది. గుండె పరీక్ష చేయించింది. అది బాగానే ఉంది. కాలినచోట మానేదాకా పట్టీ వేయకూడదంది.

అంటే ఇక మంటే. సాయంత్రానికి మొత్తం తిరిగి వచ్చింది, నరం మంట, దాని మీద కాలిన మంట. బోర్లా పడుకుని రాస్తున్నాను.

అడగవలసింది డాక్టరమ్మే కదా, గొట్టాలున్నాయా అని. పని ఎక్కడని అడిగింది, లాండ్రీ అన్నాను. లాండ్రీ అంటే గొట్టాలుండవా.

చొక్కా చేయి మాత్రమే. పిట్టక్కకు గీత కూడా పడలేదు.

19వ తేదీ, బుధవారం

మా ఆవిడ పని నుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా, సంచిలోంచి ఒక గుడ్డముక్క తీసి నా దిండు పక్కన పెట్టింది. నీలం చొక్కా చేయి. ఇస్త్రీ అయిపోయి, కాగితంలా బల్లపరుపుగా ఉంది. కొత్త రోలరు బాగానే ఇస్త్రీ చేస్తుంది.

"పిట్టక్క కూతురు తెచ్చి ఇచ్చింది, అతికి పెట్టమని," అంది. "ఆమెకు ఉన్నవి రెండే చొక్కాలట పనికి. అంటే తిరిగి పిలుస్తారని ఆశ ఉంది ఆమెకు."

"మడత బిగించుకోలేదు."

"అవును. మీరేం చేస్తున్నారప్పుడు?"

"నిలబడి ఉన్నాను."

"నిలబడే ఉన్నారు. అదే కదా మీకు కావలసింది."

నేను కోపంగా లేవబోయాను. నడుము లేవనివ్వలేదు. పడుకునే అరిచాను. ఇదంతా నీవల్లేనని, నువ్వు కుర్చీ అడగకపోతే నేను గొట్టం దాకా వెళ్ళేవాణ్ణి కానని, మగవాణ్ణి తీసుకెళ్ళి కుర్చీలో కూలేయాలని చూశావని అన్నాను. ఇంకా అన్నాను. అవి రాయను.

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఇరవై ఏళ్ళుగా ఆ కుర్చీలోనే కూర్చుని కుడుతున్నాను," అంది. "మీరు రాత్రి బడికి వెళ్ళిన రోజుల్లో ఇల్లు నడిచింది ఆ కుర్చీలోంచే. కుర్చీ ఇచ్చారని మీరంతా దుప్పటి భుజాన వేసి నవ్వుతారే, ఆ నవ్వు మా గదిలోకి వినపడుతుంది. మధ్యలో ఉన్నది రేకు గోడ. వాళ్ళు నవ్వితే సరే. మీ నవ్వు నేను గుర్తుపట్టగలను. మాకు వినపడుతుందేమోనని ఒక్క రోజన్నా అనుకున్నారా?"

నేను అనుకోలేదు.

"నాకు అవమానంగా లేదు, మీకెందుకు అవమానం అని ఆ రోజే అడుగుదామనుకున్నాను. మీరు మాట్లాడనన్నారు." చెప్పులు విడిచింది. "రేపో ఎల్లుండో మీరు వెళ్ళి చెప్పండి. లేకపోతే నేను చెప్తాను. మేనేజరు గది దారి నాకు తెలుసు, మీరే అన్నారుగా."

తరువాత నా వీపు కడిగి మందు రాసింది. ఆమె చేయి ఎప్పటిలాగే ఉంది, కోపం లేదు, దయా లేదు. బట్ట కుట్టే చేయి. దాన్ని విసిరికొట్టాలనిపించింది. విసిరికొట్టలేదు.

20వ తేదీ, గురువారం

కోపం. ఎవరి మీదో రాద్దామని కూర్చుని చాలాసేపు పేరు కోసం వెతికాను.

21వ తేదీ, శుక్రవారం

వెళ్ళాను. మా అమ్మాయి భుజం పట్టుకుని మెట్లు ఎక్కాను. మేనేజరు గదిలో అంతా చెప్పాను: పట్టీలు, గొట్టం, నాలుక మొద్దుబారడం, కడ్డీ మీదే చేయి ఉండి కూడా నొక్కకపోవడం.

ఆయన బల్ల మీది కాగితాలు పక్కకు జరిపాడు. "ఇది మీరు చెప్పకపోయినా సరిపోయేది. ఎవరూ అడగలేదు," అన్నాడు.

"తెలుసు సార్."

"కొత్త యంత్రం మీకు ఇవ్వలేను ఇక. పాతవి కూడా."

"తెలుసు సార్. ఆమెను పిలిపించండి. నేను అందరి ముందూ అరిచాను. ఈ మాట కూడా అందరి ముందే చెప్పాలి."

"యంత్రాలు నడుస్తుంటే ఎవరికి వినపడుతుంది?"

"ఆపించండి."

పని మధ్యలో రోలర్లన్నీ ఆపడం నేను చేరినప్పటి నుంచి ఎన్నడూ లేదు. కబురు పంపితే మధ్యాహ్నానికి పిట్టక్క వచ్చింది. అప్పుడు ఆపారు. ఒక్కొక్కటీ ఆగుతుంటే ఆవిరి మాత్రం చాలాసేపు బుసలు కొట్టింది. కుట్టు గదివాళ్ళు కూడా తలుపు దగ్గరికి వచ్చారు. నేను రాత్రి బడిలో నేర్చిన వాక్యాలు కొన్ని సిద్ధం చేసుకుని వెళ్ళాను. అవి రాలేదు. "తప్పు ఆమెది కాదు. నాది. నేను చూస్తూ కూడా ఆపలేదు. ఆపింది పొడుగాయన," అన్నాను. అంతే వచ్చింది.

పిట్టక్క నా ముందుకు వచ్చి నిలబడింది. అతికిన నీలం చొక్కా వేసుకుని ఉంది. భుజం దగ్గర అతుకు వెతికితే గానీ కనబడదు.

"మోచేయి దాకా పోయుంటే ఏం చేసేవారు సార్?" అంది.

ఆమె ఎదురుచూసింది. నిజంగానే జవాబు కావాలన్నట్టు ఎదురుచూసింది. తరువాత వెళ్ళి తన పలక మీదికి ఎక్కి, చేతుల మడతలు బిగించి, పొడుగాయనతో "నడపండి" అంది.

నా భుజాన ఎవరూ దుప్పటి వేయలేదు. దానికి కూడా కోపం వచ్చింది. వేసి నవ్వి ఉంటే నాలుగు తిట్టి తేలికపడేవాణ్ణి.

24వ తేదీ, సోమవారం

కుట్టు గదిలో మొదటి రోజు. మా ఆవిడ గదిలో పెద్ద గనుక పని చెప్పింది, నేను చేశాను. ఆస్పత్రి దుప్పట్లను దీపానికి ఎదురుగా పట్టి చిరుగులు వెతకాలి. పని మధ్యలో లేచి నాలుగడుగులు వేయాలని ఆమె ఆజ్ఞ. మర్చిపోతే కత్తెరతో బల్ల మీద కొడుతుంది. మిగతా ఆడవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు.

చర్మం మానుతోంది. మానాక మళ్ళీ ఒకే పట్టీ, పగలు మాత్రమే. నరం మంట తగ్గలేదు. తగ్గుతుందో లేదో డాక్టరమ్మ మాటివ్వలేదు, నేనూ ఇక అడగను.

కోపం కూడా తగ్గలేదు. గొట్టం మీద ఉంది, ఆ గొట్టానికి ఇంకా వీపులు ఆనిస్తున్నవాళ్ళ మీద ఉంది. బావను పిలిచి, పట్టీ వేసుకున్నవాణ్ణి ఎవణ్ణీ గదిలోకి రానివ్వద్దని గట్టిగా చెప్పాను. "నిన్నే రానివ్వకుండా ఉండాల్సింది బావా," అన్నాడు. ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి ఇంకా కోపం వచ్చింది. ఆయన తప్పేముంది అందులో.

ఇంత రాసిన తరువాత దీన్ని పెట్టెలో పెట్టి తాళం వేయడం పిరికితనం. కాబట్టి ఎవరు ఏ వరుసలో చదవాలో చెబుతున్నాను.

ముందు మా ఆవిడ చదవాలి. మొత్తం చదవాలి, ఆమె గురించి అన్యాయంగా రాసినవి కూడా. నేను రాయనన్న మాటలు ఆమెకు గుర్తుంటే, అక్కడ ఖాళీలో ఆమే రాయవచ్చు. తెలుగు తప్పులు దిద్దనవసరం లేదు.

మా అమ్మాయి చదవకూడదు. చదువుతుందని తెలుసు. చదివినట్టు నాకు తెలియనివ్వకూడదు.

ఆ తరువాత పిట్టక్కకు ఇవ్వాలి. నేను ఇవ్వను, మా ఆవిడ ఇవ్వాలి. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు ఇందులో లేదని ముందే చెప్పి ఇవ్వాలి. ఆమె చదవకుండా తిప్పి పంపినా తీసుకోవాలి. చదివితే, ఆ తరువాత ఆమె నాతో మాట్లాడవలసిన అవసరం లేదు. ఎందుకు మాట్లాడలేదని ఎవరూ ఆమెను అడగకూడదు.